మెర్సీ విన్న మాట

నిత్యానందం ఎవరికీ కాదు, లేదు అని చెప్పలేని మనిషి. ఏలూరు దాటి దెందులూరు వైపు వెళ్ళే హైవే పక్కన ఓ యూనివర్సిటీ వారి పీజీ సెంటరు ఉండేది. అందులో కంప్యూటర్ సెక్షనుకి అతనే పెద్ద. పెద్దంటే మరీ అంత పెద్దేమీ కాదు. అరవై కంప్యూటర్లు, మూడు ప్రింటర్లు, కరెంటు పోయినప్పుడల్లా కుయ్యోమనే యూపీఎస్‌లు, చేతి కింద క్రాంతి కుమార్, మెర్సీ అని ఇద్దరు మనుషులు. ఒకప్పుడు తాడేపల్లిగూడెంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లు మూలపడ్డాక, పుస్తకాలు ముందేసుకుని తనంతట తానే ఈ విద్య నేర్చుకున్నాడు. ఇప్పటికీ రోజూ గూడెం నుంచి పాసింజరులోనే వచ్చిపోయేవాడు.

ఏ డిపార్ట్‌మెంట్ నుంచి ఫోనొచ్చినా అతని జవాబు ఒకటే: "అయిపోయిందండీ." ప్రింటరు బాగైందా అంటే అయిపోయిందండీ. నెట్ వచ్చిందా అంటే అయిపోయిందండీ. ఫోను పెట్టేశాకే పని మీదకి పరుగెత్తేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, సెంటరంతా అతన్ని మంచివాడనే అనేది. నన్నడిగితే అది మంచితనం కాదు, భయం. ఎదుటివాళ్ళు ఎక్కడ మొహం చిట్లిస్తారోనన్న భయం.

మెర్సీది కైకలూరు అవతల లంక గ్రామం. తండ్రి అప్పారావు చేపల చెరువు మీద కాపలాదారు. రెండువేల ఆరులో సర్కారు వారు కొల్లేరు చెరువుల గట్లు తెగగొట్టినప్పుడు, చెరువుతో పాటు అతని కాపలా కూడా పోయింది. ఇంట్లో ఐదుగురికీ మెర్సీ కాంట్రాక్టు ఉద్యోగమే ఆధారం. పాస్టరు గారు చెబితే ఆ ఉద్యోగంలో పెట్టించింది నిత్యానందమే. అందుకని సారు మాటంటే ఆ పిల్లకి బైబిలు వాక్యంతో సమానం.

ఆ ఏడు వానాకాలంలో విద్యార్థుల మార్కులుండే మిషనుకి వైరస్ పట్టింది. దాని బదులు కొత్తది తెప్పించారు. స్పెషలాఫీసరు శివరామయ్య గారు సెక్షనుకొచ్చి అడిగారు.

"మార్కులన్నీ కొత్త మిషన్లోకి ఎక్కించారా నిత్యానందం గారూ?"

"అయిపోయిందండీ."

అవలేదు. రేపు చేద్దామనుకున్నాడు. పక్కనే కేబుళ్ళు సర్దుతున్న మెర్సీ ఆ మాట విన్నది, నిజమనుకుంది. ఆ రేపు యూనివర్సిటీలో మీటింగుకి రమ్మని అతనికి కబురొచ్చింది. వెళ్ళాడు. మీటింగు మధ్యలో పని గుర్తొచ్చి, బయటికొచ్చి సెల్లు తీశాడు.

"మెర్సీ, ఆ పాత మిషన్లో మార్కులు తీసేసి, ఫార్మాట్ కొట్టేయమ్మా. అది లైబ్రరీకి ఇచ్చేయాలి."

"మొత్తం తీసేయమంటారా అండీ?"

"మొత్తం. ఒక్కటి కూడా వదలకు."

"ఆయ్, అలాగేనండి."

సీడీలోకి బ్యాకప్ తీయమని అతని ఉద్దేశం. మనం ప్రింటు తీస్తాం, జిరాక్సు తీస్తాం, బ్యాకప్ తీస్తాం. తొందరగా కావాలంటే 'తీసేయ్' అంటాం. వాకిట్లో చెత్తనీ తీసేయ్ అనే అంటాం. మార్కులు కొత్త మిషన్లో భద్రంగా ఉన్నాయని నమ్మిన పిల్లకి ఇందులో ఏది అర్థమవుతుందో మీరే చెప్పండి. ఒక్కటి కూడా వదలకుండా చెరిపేసింది.

రెండేళ్ళ ఇంటర్నల్ మార్కులు పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నిత్యానందం, క్రాంతి కుమార్ వారం రోజులు ఆ డిస్కుతో కుస్తీ పట్టారు. దొరికినవి సగం సగం పేర్లు, అర్థంకాని గుర్తులు. లెక్చరర్లు పాత కాగితాలు ఎప్పుడో పారేశారు. ఆఖరి ఏడాది వాళ్ళ రిజల్టు ఆగిపోయింది, పిల్లలు మెట్ల మీద ధర్నాకి కూర్చున్నారు. 'బ్యాకప్ ఉంచుకోండి' అని గదిగదికీ కాగితాలంటించిన మనిషి నిత్యానందం. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడింది.

శివరామయ్య గారు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. నిత్యానందాన్ని రెగ్యులర్ చేసే ఫైలు, ఎనిమిదేళ్ళుగా తిరుగుతున్నది, అదే టేబుల్ మీద ఉంది.

"మీరు ఈ అమ్మాయికి ఏమని చెప్పారండీ?"

"బ్యాకప్ తీయమన్నానండి."

బ్యాకప్ అన్న మాట ఆ రోజు అతని నోట రానేలేదు. తీసేయ్‌లో ఒక ముక్క కోసేసి, ముందు ఇంకో మాట అతికించాడు. అంతే అబద్ధం. ఎంత చిన్నదో చూడండి.

మెర్సీ తలెత్తి అతని వైపు చూసింది. "తీసేయమన్నారనుకున్నానండి..." అంది.

"అనుకోవడమేంటమ్మా?" అన్నారు శివరామయ్య గారు.

ఉద్యోగంలో పెట్టించిన మనిషిని ఆఫీసరు ముందు అబద్ధాలకోరు అనడం మెర్సీకి చేతకాలేదు. సార్ ఒక్క మాట కలుపుతారని చూసింది. సార్ కిటికీలోంచి హైవే మీద లారీలు చూస్తున్నాడు.

ఆ సాయంత్రం మెర్సీని ఉద్యోగంలోంచి తీసేశారు. ఈ తీసేయడానికి మాత్రం రెండర్థాలు లేవు.

బ్యాగు తీసుకుని వెళ్తూ వరండాలో అతని దగ్గర ఆగింది.

"సార్, ఉద్యోగం కోసం కాదండి. ఏం తప్పు చేశావని నాన్న అడుగుతాడండి. నేను సరిగ్గానే విన్నానా, తప్పు విన్నానా? అదొక్కటి చెప్పండి చాలు. నా చెవుల మీద నాకే నమ్మకం పోతోందండి."

వరండాలో ఇంకెవరూ లేరు. నిజం చెబితే వినేది ఆ పిల్ల ఒక్కతే, ఫైలుకి వచ్చే నష్టమూ లేదు. నిత్యానందానికి గొంతు దాకా వచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా నోరు తన అలవాటు తను మానలేదు.

"అయిపోయిందమ్మా. ఇంక వదిలేయ్."

తిట్టినా బాగుండేది.

"ఆయ్, అలాగేనండి," అంది మెర్సీ, ఆ రోజు ఫోనులో అన్నట్టే. కైకలూరు బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.