విప్పొద్దని రాయాల్సిన సైటు

మా నరసరావుపేట కాలేజీలో ఈ రోజు బ్రౌజర్లు అప్‌డేట్ అయ్యాక సగం సైట్లు తెరుచుకోలేదు. నా మామోగ్రామ్ రిపోర్టు ఉన్న ల్యాబ్ సైటు కూడా వాటిలో ఒకటి. రేపు ఉదయం ఆ ప్రింటు డాక్టరుకి చూపించాలి.

నెట్‌వర్క్ చూసే మస్తాన్ స్టాఫ్‌రూమ్‌కి ఒక కాగితం తెచ్చాడు.

"మన కాలేజీ నెట్‌కి కాపలా ఉండే ఫైర్‌వాల్ మిషను మీరు తెరిచే సైట్లన్నిటినీ మధ్యలో విప్పి చూసి పంపుద్ది మేడం. కొత్త బ్రౌజర్ అట్టా విప్పితే ఒప్పుకోట్లా. విప్పొద్దనే సైట్లు ఇందులో రాయండి, వదిలేస్తా."

"అంటే ఇన్నాళ్లూ నేను చూసినవన్నీ విప్పారా?"

"నేను చూళ్ళేదు మేడం, మిషనే చూసుద్ది."

కాగితం నా దగ్గరికి వచ్చేసరికి అందరూ తమ పేరు, పక్కన సైటు రాసి ఉన్నారు. అన్నీ బ్యాంకులే. నేను ల్యాబ్ పేరు రాస్తే సాయంత్రంలోగా స్టాఫంతా పరామర్శకు వస్తారు. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"ఏందమ్మాయ్ అంత ఆలోచన? ఏదో బ్యాంకు పేరు పడెయ్" అంది పక్క సీటు సుజాతక్క. రాసేశాను. ఆమె కూడా అలాగే పడేసిందేమో అనిపించింది. అడగలేదు.

సాయంత్రం బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడ సైటు వెంటనే తెరుచుకుంది. షాపాయన స్క్రీను చూస్తూ, నా వెనక నిలబడ్డ వాళ్లందరికీ వినబడేలా అడిగాడు.

"మామోగ్రామ్ రిపోర్టు ఎన్ని కాపీలక్కా?"

"రెండు" అన్నాను.

ఒకటి డాక్టరుకి. రెండోది ఎవరి కోసం అడిగానో నాకే తెలియదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, ముందు మీకే చెబుతున్నాను. మీరైతే ఎవరితో మొదలుపెడతారు?