దేవదానానికి చేరని కండువా

నా దగ్గర ఒక కండువా ఉంది. అది నాది కాదు. ఇన్నేళ్ళూ దాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచి, పైన ఏవేవో సామాన్లు పేర్చి, ఆ బరువంతా నా గుండె మీద పెట్టుకుని తిరిగాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

పంతొమ్మిది వందల యాభైల్లో మైదుకూరులో నాకు మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు హారన్లు కట్టి గ్రామఫోన్ ప్లేట్లు వేసేవాణ్ణి. దేవదానం మా ఊరి బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, అన్నా అని పిలిచేవాడు. అతని బ్యాండును పిలిచినవాళ్ళు నా మైకును కూడా పిలిచేవారు. నన్ను ఒక్కణ్ణే పిలిచినవాళ్ళు తక్కువ. ఈ సంగతి గుర్తుంచుకోండి.

అంతకుముందు అతను కొన్నాళ్ళు బెంగళూరులో ఒక హోటల్లో డాన్సు బ్యాండుతో ఊదాడు. జాజ్ సంగీతం అక్కడే పట్టుబడింది. మద్రాసులో ఒక కంపెనీవాళ్ళు అతనితో ఒకే ఒక్క ప్లేటు తీశారు. కొద్ది కాపీలు మాత్రం అచ్చు వేసి ఊరుకున్నారు. తనకిచ్చిన ఒక్క కాపీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెండో ప్లేటుకు వస్తావా అని మద్రాసు నుంచి ఉత్తరం కూడా వచ్చింది. అతనికి గుబులు. మనవాళ్ళు వినని పాట మనకెందుకని. ఆ వారమే బద్వేలు పక్క ఒక రెడ్డిగారింట్లో పెళ్ళికి పోతున్నాను. మేళం వేరేవాళ్ళది. అక్కడ ఈ ప్లేటు వేసి జనం ఏమంటారో చెప్పమన్నాడు. తను మాత్రం రానన్నాడు. తనుంటే మొహమాటానికి బాగుందంటారట.

ప్లేటు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే చెప్పాలి. మొదటివైపు హుషారుగా, డాన్సుకు పనికొచ్చేలా ఉంటుంది. పర్వాలేదు. అసలుది రెండోవైపు. వేరుశనగ చేలో కలుపు తీసే ఆడవాళ్ళు పాడుకునే వరస ఒకటి తీసుకుని, బూర మూతికి చిన్న ఇత్తడి చెంబు అడ్డం పట్టి మెల్లగా మొదలుపెడతాడు. పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. డ్రమ్ము తన దారిన పోతుంటే అతను వెనక నిదానంగా వస్తాడు. ఆలస్యమైపోయిందే అని మనం అనుకునేలోపు అందుకుంటాడు. నడుమ ఒకచోట చెంబు తీసేస్తాడు, ఒక్కసారిగా ఎండలోకి వచ్చినట్టుంటుంది. అక్కడే ఒక స్వరం చీలుతుంది. మొదట్లో అది తప్పనుకున్నాను. ఆ చీలిక లేకపోతే అది మామూలు పాటే అయ్యేదని తెలియడానికి నాకు శానా ఏళ్ళు పట్టింది. చివరి స్వరానికి ముందు అతను ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది.

పెళ్ళిలో మధ్యాహ్నం భోజనాల వేళ వేశాను. జనం తినడం ఆపారని చెప్పను. కొందరు తలెత్తి హారన్ వైపు చూశారు. వడ్డించే ఆడవాళ్ళు ఇద్దరు ఆ వరస గుర్తుపట్టి నవ్వుకున్నారు. ప్లేటు అయిపోయాక పెళ్ళికూతురి తండ్రి, పెద్దరెడ్డి, నా దగ్గరకు నడిచి వచ్చాడు.

“ఎవురప్పా, ఈ బూర ఊదినాయన?”

“ఎవురో మద్రాసాయన, రెడ్డీ.”

“ఇంగోసారి ఎయ్యి. శానా బాగుండాది. చిన్నప్పుడు మా యమ్మ పాడతాండె ఈ పాట.”

మళ్ళీ వేశాను. ఆయన నిలబడే విన్నాడు. వాయింపు నచ్చితే ఇంటిపెద్ద మేళగాడికి ఆకువక్క పెట్టి కండువా ఇవ్వడం మా వైపు మామూలే. ప్లేటులో ఉన్న మనిషికి ఇవ్వడం నేనెక్కడా చూడలేదు. ఆయన ఇచ్చాడు. ఎర్రంచు కండువా నా చేతిలో పెట్టి, “ప్లేట్ల కోసరం నువ్వు మద్రాసుకు పోతాంటావు గదా. ఆయన్ను కనుక్కోని ఇయ్యప్పా,” అన్నాడు.

మద్రాసాయన అని ఎందుకన్నాను? మా దేవదానం అంటే, పందిరి బయట నిలబడే బ్యాండువాడా అని చులకన చేస్తారేమోనని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. అన్నేళ్ళుగా ప్లేట్లు వేస్తున్నా నా దగ్గరకు ఎవరూ అలా నడిచి రాలేదు. అసూయ పడ్డాను. తిరుగు బస్సులో ఆ అసూయకు భయం తోడయింది. ఉన్నదున్నట్టు చెబితే అతను మద్రాసు పోతాడు, అతను పోతే నన్ను పిలిచేదెవరు?

దేవదానం బస్టాండులో కాచుకుని ఉన్నాడు.

“ఏమన్న్యారు అన్నా?”

“నడిమిట్లోనే ఆపమన్న్యారబ్బా. తినేకాడ ఈ గోల యాందప్పా అన్న్యారు.”

“నేను అనుకుంటానే ఉండా లేన్నా,” అని నవ్వి, నా చేతిలోని హారన్ తీసుకుని భుజాన పెట్టుకుని నా మైకుసెట్టు కొట్టుదాకా మోసుకొచ్చాడు. కండువా నా సంచిలో ఉంది.

మద్రాసు ఉత్తరానికి అతను జవాబు రాయలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నా మైకు పక్కనే నిలబడి సినిమా పాటలు ఊదాడు. చెంబు మళ్ళీ బయటికి తీయలేదు. ఒకసారి ప్లేటు ఉందా అని అడిగితే పగిలిపోయిందన్నాను. అది ఆ కండువాలోనే చుట్టి నా పెట్టెలో ఉంది. తను ఊదింది తను ఇంకోసారి వింటే, దాన్ని ఎవరూ ఆపమనరని తెలిసి నా అబద్ధం బయటపడుతుందని నాకు తెలుసు.

పోయిన ఏడాది దేవదానం చనిపోయాడు. కడచూపుకు కండువా సంచిలో పెట్టుకునే వెళ్ళాను. మీద కప్పితే సరిపోయేది. అతని భార్య తలగడ పక్కనే కూర్చుని ఉంది. ఇది ఎక్కడిదని అడుగుతుందేమోనని వెనక్కి తెచ్చేశాను. శవం ముందు కూడా నా పరువే చూసుకున్నాను. సిగ్గేస్తోంది.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేడు. ఆమె దగ్గరకు వెళ్ళే ధైర్యం వస్తుందో రాదో ఇప్పటికీ తెలియదు. ఈ పొద్దున గ్రామఫోన్‌కు కొత్త ముల్లు బిగించి రెండోవైపు వేశాను. చివరి స్వరానికి ముందు ఆ ఊపిరి అలాగే ఉంది. ప్లేటు ఆగాక పెద్దరెడ్డి అడిగిన మాట గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. పైకే జవాబు చెప్పాను.

“ఊదినాయన మా దేవదానం, రెడ్డీ. మైదుకూరు.”