అరవై అడుగుల రోడ్డు

మా నాన్న పాండురంగన్ కోపిష్టి అని రాజపాళయంలో అందరూ అనేవారు. పుట్టుకతో వచ్చిన కోపం కాదది. 1938 దాకా ఆయన గొంతు పెంచి మాట్లాడగా ఇంట్లో ఎవరం వినలేదు. ఆ కోపం ఎక్కడ మొదలైందో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ఆయన చిన్న వయసులోనే సర్వే వాళ్ల దగ్గర గొలుసు పట్టే పనిలో చేరాడు. పదహారేళ్లు ఊరూరా తిరిగి పొలాలు కొలిచాడు. ప్లాను గీయడం పైవాళ్లను చూసి నేర్చుకున్నాడు. తర్వాత ఊరికి వచ్చేసి, ఆస్తి భాగాలు పంచుకునే అన్నదమ్ములకు చేలు కొలిచి పెడుతూ మమ్మల్ని పోషించాడు. ఆయన వేయించిన గట్టు మీద మళ్లీ తగాదా రాదని పేరు.

ఆ రోజుల్లో ఊరు చూస్తుండగానే పెరుగుతోంది. నూలు మిల్లు లేచింది, పత్తి గింజ తీసే ఫ్యాక్టరీలు లేచాయి. సత్రపట్టి నుంచీ మంసాపురం నుంచీ వచ్చే పత్తి బండ్లన్నీ బజారు వీధిలోంచే స్టేషనుకు పోవాలి. ఎదురుగా లారీ వస్తే బండివాడు ఎద్దులను విప్పి, బండిని చేతులతో వెనక్కి తోసుకోవాల్సిందే. అందుకని ఊళ్లో ఆస్తిపరులు కొందరు కలిసి కొత్తరోడ్డు కమిటీ అని ఒకటి పెట్టుకుని నాన్నను పిలిపించారు. కమిటీకి పెద్ద వేంకటసుబ్రహ్మణ్య రాజా. మామిడి తోపులున్న మనిషి.

నాన్న వెంటనే గొలుసు తీయలేదు. నెల రోజులు స్టేషను గేటు దగ్గర కూర్చుని ఎన్ని బండ్లు పోతున్నాయి, ఎన్ని లారీలు, మిల్లు విడిచినప్పుడు ఎంతమంది ఆడవాళ్లు నడిచి పోతున్నారు అని రాసుకున్నాడు. ఆ తర్వాత ప్లాను గీశాడు. స్టేషను నుంచి ఊరి వెలుపలగా తెన్‌కాశి రోడ్డు దాకా, ఎక్కడా వంకర లేకుండా, అరవై అడుగుల వెడల్పు. రెండు లారీలూ రెండు బండ్లూ పక్కపక్కన పోవచ్చు. అంచున నడిచేవాళ్లకు దారి, ఎద్దులకు నీళ్ల తొట్లు. ప్లాను పైన ‘1967 దాకా సరిపోతుంది’ అని రాశాడు.

కమిటీలో అందరూ నవ్వారట.

“1967లో నువ్వు ఉంటావా పాండురంగా?” అన్నాడు రాజా.

“నేను లేకపోయినా బండ్లు ఉంటాయి గదా. ఒక మిల్లుతో ఈ ఊరు ఆగదు. చోటు ఇప్పుడు విడవకపోతే, పిల్లల కాలంలో ఇండ్లు కూల్చి రోడ్డు వెయ్యాల్సి వస్తాది.”

చివరికి ఒప్పుకున్నారు. స్థలం మాత్రం రైతులు దానంగా ఇవ్వాలన్నారు. ఆ గీత రాజాగారి తోపులో ఒక అంచునూ, పదకొండు మంది చిన్న రైతుల చేలనూ తాకింది. ఆ పదకొండు మందినీ ఒప్పించే పని నాన్న నెత్తిన పడింది. ఆయన ముందుగా తన అక్క అఖిలాండం ఇంటికే వెళ్లాడు. మా అత్తకు భర్త పోయాడు, పిల్లలు లేరు. ఎకరం చేను, అందులో ఒక బావి, అంతే ఆమె బతుకు.

“ఎనిమిది సెంట్లు పోతాయక్కా, ఒక మూల. నువ్వు ఇస్తే తక్కినవాళ్లు ఇస్తారు” అన్నాడు.

దానపత్రంలో సెంట్ల లెక్క లేదు. ‘రోడ్డుకు కావలసినంత స్థలం’ అని ఉంది. ప్లాను తన చేతిలో ఉంది కదా అని నాన్న ఆ మాటను పట్టించుకోలేదు. తనే చదివి వినిపించాడు. అత్త వేలిముద్ర వేసింది.

తక్కినవాళ్లూ ఇచ్చి, రోడ్డు గీత వెంట హద్దు రాళ్లు పాతడం అయిపోయాక ఆయన ఒక భాగ పంపకం కోసం శ్రీవిల్లిపుత్తూరు వైపు పోయి, పది రోజులకు తిరిగొచ్చాడు. బస్సు దిగి ఇంటికి రాకుండా నేరుగా కొత్త రోడ్డు చూడబోయాడు. తోపు దగ్గర తను పాతిన రాళ్లు లేవు. రోడ్డు గీత తోపును తాకకుండా పక్కకు తిరిగి, అత్త చేను నడిమిలోంచి పోయి, మళ్లీ ఇంకో వంపు తిరిగి మొదటి గీతలో కలిసింది. కూలీలు బావిలోకి మట్టి పోస్తున్నారు. అత్త గట్టు మీద కూర్చుని చూస్తోంది.

ఆమె తమ్ముడిని చూసి ఒక్క మాటే అంది. “నీ ప్లాను నాకు తెలీదురా. నిన్ను నమ్మి వేలు పెట్టినాను.”

నాన్న రాజాగారి ఇంటికి వెళ్లాడు. అరుగు మీద పదిమంది ఉన్నారు.

“రాళ్లు ఎవరు జరిపినారు?”

“కమిటీ జరిపింది” అన్నాడు రాజా. “తోపులో పోయేవి కాపు చెట్లు పాండురంగా. మీ అక్క చేనులో ఏముంది?”

“బావి ఉంది.”

“ఆ పత్రంలో కావలసినంత అని ఉంది. నువ్వే గదా చదివి చెప్పినావు. రోడ్డు కొంజం తిరిగితే ఎవరికి నష్టం?”

నాన్న అరుగు దిగి వచ్చేశాడు. మర్నాడు పొద్దున గడ్డపార తీసుకుని పోయి, అందరూ చూస్తుండగా అత్త చేనులోని రాళ్లు మూడు పెకలించాడు. వాటిని భుజాన మోసుకుపోయి తోపులో మొదటి చోటనే పాతాడు. నాలుగో రాయి పెకలిస్తుండగా పట్టుకున్నారు. రెండు రోజులు లాకప్పులో ఉంచి వదిలారు. రోడ్డు అరవైకి బదులు ఇరవై నాలుగు అడుగులతో, రెండు వంపులతో, అత్త చేను మీదుగానే పడింది.

ఆ తర్వాత ఆయనను కొలతకు పిలిచినవాళ్లు లేరు. రాజాకు భయపడ్డారు. గీత గీసిన చేతులతో నాన్న స్టేషనులో పత్తి బేళ్లు మోశాడు. అత్త ఫ్యాక్టరీలో పత్తి ఏరడానికి కూలికి పోయింది. ఆరేళ్లు ఆయనతో మాట్లాడలేదు. మా ఇంట్లో కంచం కాస్త చప్పుడు చేసినా నాన్న లేచిపోయేవాడు. రోడ్డు మీద పోతూ పోతూ ఆగి, వంపు వైపు చూసి తిట్టేవాడు. జనం పిచ్చి అనుకున్నారు. నాకు మాత్రం ఆ తిట్లలో ఒక్కటీ ఎక్కువనిపించలేదు.

యుద్ధం వచ్చింది. పెట్రోలు దొరక్క లారీలు బొగ్గు గ్యాసుతో నడిచాయి. వెనక అంత పెద్ద పొయ్యి మోసుకుని, ఆగమంటే ఆగని లారీలు. 1944లో ఒక సాయంత్రం తోపు వంపు దగ్గర అలాంటి లారీ ఒకటి ఎదురుగా వచ్చే పత్తి బండిని చూడలేక గుద్దేసింది. సత్రపట్టి ఆండి అనే బండివాడు బండి కింద పడ్డాడు. నాన్న స్టేషను నుంచి పరుగెత్తి, నలుగురితో కలిసి బండి ఎత్తాడు. ఆండి ఆయన ఒడిలోనే పోయాడు.

నాన్న ఆ నెత్తుటి పంచెతోనే రాజాగారి వాకిట్లో నిలబడ్డాడు.

“మీ చెట్లన్నీ బాగున్నాయి. ఒక్కటీ పడలేదు. చూసి వచ్చినాను” అని చెప్పి వచ్చేశాడు.

మిల్లువాళ్లు ఆ దారిన ఇక సరుకు పంపేది లేదన్నారు. కమిటీ మళ్లీ కూర్చుంది. రోడ్డును తిన్నగా చేయాలంటే పాత కొలతలు కావాలి, అవి మా ఇంట్లో తప్ప ఎక్కడా లేవు. రాజాగారి తమ్ముడి కొడుకు బాలకృష్ణన్, చదువుకున్నవాడు, మా ఇంటికి వచ్చాడు.

“ప్లాను ఇవ్వండి. ఊరికి మేలు” అన్నాడు.

“ఇస్తాను. ముందు అఖిలాండం చేను అఖిలాండం పేర తిరిగి రాయండి. బావి తవ్వించండి. ఆ పత్రం మీద మీ పెదనాన్నే వచ్చి, రిజిస్టర్ ఆఫీసులో అందరి ముందర సంతకం పెట్టాల.”

“ఆయనకు అవమానంగా ఉంటాది.”

“ఆమా, ఉంటాది. అందుకే అడుగుతున్నాను.”

మూడు నెలలు బేరమాడారు. నాన్న దిగలేదు. ఇంకో రెండు లారీలు వంపులో బోల్తా పడ్డాక రాజా ఆఫీసుకు వచ్చాడు, తల ఎత్తకుండా సంతకం పెట్టి వెళ్లాడు. నాన్న ప్లాను తీసి బాలకృష్ణన్ చేతిలో పెట్టాడు.

1946లో తోపు అంచు కొట్టి రోడ్డు తిన్నగా వేశారు. కానీ నలభై అడుగులే. తక్కిన ఇరవై కోసం నాన్న కమిటీలో బల్ల గుద్ది అరిచాడు. “మళ్లీ అదే తప్పు చేస్తున్నారు, మళ్లీ ఒకడు చావాలనా?” అన్నాడు. ఎవరూ వినలేదు. రోడ్డు తెరిచే రోజు పిలిస్తే వెళ్లలేదు.

ఆ రోజు ఆయన మా అత్త చేనులో ఉన్నాడు. తిరిగి ఇచ్చిన నేలలో జానెడు లోతున కంకర. నాగలి దిగదు, మొదటి చాలులోనే కర్రు విరిగింది. ఇద్దరూ వంగి గంపల్లోకి రాళ్లు ఏరుతున్నారు. రెండేళ్లు పట్టింది ఆ నేల మెత్తబడడానికి. నాన్న ప్రతి రాయినీ తిడుతూనే ఏరాడు. మధ్యాహ్నం అత్త గంజి పోసి గిన్నె ఆయన ముందు పెట్టి, “తాగి తిట్టరా, గొంతు ఆరిపోయినాది” అంది.