మడి లేని మూడు నెలలు

1955 జూలై 11, సోమవారం. గుండుగొలనులో మా ఇంటి నూతి దగ్గర మడినీళ్ళు తోడుతుంటే దగ్గు వచ్చింది. గచ్చు మీద ఉమ్మితే ఎర్రగా పడింది. అప్పటికి నెలన్నరగా సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడుతోంది. ఫిబ్రవరిలో మా వారు పోయారు. ఆ దిగులే అనుకుని ఎవరికీ చెప్పలేదు. నాకప్పుడు యాభై ఏడేళ్ళు.

మా కోడలు సుభద్ర ఆ మరక చూసి, మర్నాడే నన్ను బస్సులో ఏలూరు తీసుకువెళ్ళింది. ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు. డాక్టరుగారు ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి, "టి.బి. అండీ మామ్మగారూ. కుడి లంగ్ పైభాగం. భయపడకండి, ఇప్పుడు మందులున్నాయి" అన్నారు. స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు, రోజూ ఐ.ఎన్.హెచ్. బిళ్ళలు, పాలు, పప్పు, నెయ్యి. నా మంచం పడమటి వసారాలోకి మారింది.

మొదటి మూడు నెలలు బాగానే నడిచింది. టెంపరేచర్ రోజుకు రెండుసార్లు పుస్తకంలో రాసేదాన్ని. అక్టోబరు ఆఖరికి జ్వరం పోయింది, ఆరు పౌన్ల బరువు పెరిగాను.

అప్పుడు కార్తీకం వచ్చింది. మా వారు పోయాక మొదటి కార్తీకం. మడిగా పూజ చేస్తేనే దేవుడు దగ్గరుంటాడని, మానేస్తే ఆయన కూడా నన్ను వదిలేస్తాడని నా భయం. సుభద్ర లేవకముందే నూతి నీళ్ళు పోసుకుని, తడిచీరతో దీపం పెట్టేదాన్ని. ఉపవాసమున్న రోజుల్లో బిళ్ళ మింగితే అది చెడుతుందని బిళ్ళ కూడా మానేశాను. ఇరవై మూడు స్నానాలు, ఐదు ఉపవాసాలు. ఇరవై నాలుగో రోజు జ్వరం నూటమూడు, కుడి డొక్కలో పోటు.

ఏలూరులో మళ్ళీ ఎక్స్‌రే. ప్లూరిసీ, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది అన్నారు, సూదితో ఆ నీరు తీశారు. "బిళ్ళలు సరిగా వేసుకుంటున్నారా?" అని అడిగితే వేసుకుంటున్నానన్నాను.

"లేదండి," అంది సుభద్ర నా వెనక నుంచి. "దిండు కింద ఐదు రోజుల బిళ్ళలున్నాయండి. పెరట్లో రోజూ తడిచీర ఆరేసి ఉంటోందండి."

"నీకెందుకే ఇవన్నీ?"

"ఎంత తిట్టినా పడతానండి అత్తయ్యగారూ. తిట్టడానికి మీరు ఉండాలి కదండీ."

డాక్టరుగారు ముఖం మార్చకుండా అన్నారు: "మామ్మగారూ, ఈశ్వరుడు గంగను నెత్తిన పెట్టుకున్నాడంటే ఆయనకి టి.బి. లేదండి. మీకుంది. మూడు నెలలు బెడ్ రెస్ట్. స్నానం లేదు, పూజగది లేదు. ఈసారి మందు తప్పితే నేను చేయగలిగింది ఏమీ ఉండదు."

చావు మాట కంటే పూజగది లేదన్న మాటే నన్ను ఎక్కువ కుంగదీసింది. మా వారు లేరు, దేవుడూ దూరమయ్యాడు. పదకొండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాను. పన్నెండో రోజు మధ్యాహ్నం సుభద్ర కఫం డబ్బా మార్చి వెళ్ళింది. తల జిడ్డు, నోరు చేదు. ఏడుపు ఆపుకోలేక పైకే అన్నాను: "స్వామీ, స్నానం లేదు, దీపం లేదు. ఉమ్మి డబ్బా పక్కన పడి ఉన్నాను. మా వారు లేకుండా నావల్ల కావడం లేదు. రాగలిగితే ఇక్కడికే రా."

ఏమీ కనిపించలేదు, వినిపించలేదు. ఆ పూట టెంపరేచర్ నూటొకటి; సాయంత్రానికీ అంతే. ఏడుపూ ఆగలేదు. కాని ఒంటరిగా ఏడుస్తున్నానన్న భావం పోయింది. మంచం పట్టె మీద కూర్చుని, తొందరేమీ లేనట్టు వింటున్నాడు. ఎవరో నాకు తెలుసు. మైల అని ఆయన లేచి వెళ్ళలేదు. మర్నాడూ పిలిచాను. మర్నాడూ ఉన్నాడు.

"ఎవరితోనండీ మాటలు?" అంది సుభద్ర ఒకరోజు.

"నీ మీద చాడీలు చెబుతున్నాలే."

"చెప్పండి, చెప్పండి. ముందు బిళ్ళ వేసుకుని చెప్పండి."

మార్చిలో లేచి కూర్చున్నాను. జూన్‌లో కఫం నెగటివ్ వచ్చింది. మందులు మాత్రం మరో ఏడాది, ఒక్కరోజు తప్పకుండా వేసుకున్నాను.

ఇప్పుడు 1958. వేడినీళ్ళు పోసుకుని, పొడిచీర కట్టుకుని దీపం పెడుతున్నాను. మా వారి కోసం ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు ఏడుస్తాను, దేవుడి దగ్గర దాచుకోకుండా. మందుల మీద ఉన్నవారికి ఒక్క మాట. మీ ఉపవాసాల రోజులన్నీ కాగితం మీద రాసి డాక్టరుకు ముందే చూపించండి. ఆయన వద్దన్న రోజున అన్నం తిని, బిళ్ళ వేసుకుని, పడుకున్న చోటి నుంచే దేవుణ్ణి పిలవండి. వస్తాడు.