ఆరు చోట్ల రాసిన ‘కదలిక లేదు’

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే నాకు తొమ్మిదేళ్ల మూడు నెలలున్నప్పుడు, గౌలిపురలోని మా ఇంట్లో మా నానమ్మ మంచం పట్టి ఏడు నెలలైంది. పక్షవాతంతో మాట పోయింది, కాళ్లూ చేతులూ పడిపోయాయి. కళ్లు కూడా మూసుకునే ఉండేది. ఆమె మంచం వీధి కిటికీ పక్కన ఉండేది. బోనాల ఊరేగింపు ఆ కిటికీలోంచి చూస్తేనే బాగా కనబడేది. పండుగ ఇంకా పదకొండు రోజులుందనగా, పక్కింటి పిల్లతో ఆ గదిలోనే నిలబడి ఒక మాట అన్నాను.

“ఈ ముసల్ది ఎప్పుడు పోతదో ఏమో. పోతే ఈ కిటికీ నాదే.”

మా తాతయ్య గుమ్మంలో ఉన్నాడని చూసుకోలేదు.

మాకు పన్నెండు బర్రెలుండేవి. ఒక్కోసారి పుట్టిన దూడ ఊపిరి లేనట్టు పడి ఉండేది. అప్పుడు తాతయ్య చిన్న ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి దాని డొక్క మీద పెట్టేవాడు. నీళ్లు వణికితే వెంటనే గడ్డితో రుద్దడం మొదలుపెట్టేవాడు. మన కంటికి ఆనని ఊపిరి నీళ్లకు తెలుస్తుందని ఆయన నమ్మకం.

మర్నాడు పాలు పితకడం అయ్యాక ఆ పళ్లెం తెచ్చి నానమ్మ కుడిచేతి పక్కన పెట్టాడు. ఆమె వేళ్ల కొసలు నీళ్లకు తగిలేలా సర్ది, నన్ను పిలిచాడు.

“మీ నానమ్మను పిలువు.”

నేను నేల చూస్తూ నిలబడ్డాను.

“నిన్న గంత మాట అన్నవు గద. పిలవనీకి నోరు రాదా?”

పిలిచాను. నీళ్లు కదలలేదు. “ఇంకోపారి,” అన్నాడు. మళ్లీ పిలిచాను. వేళ్లు కదిలినట్టు నాకు కనబడలేదు, కానీ వాటి కొసల దగ్గర సన్నటి వలయం ఒకటి పుట్టి పళ్లెం అంచు దాకా పాకింది. తాతయ్య పళ్లెం తీసుకుని కొట్టంలోకి వెళ్లిపోయాడు. ఈ రోజు పిలుపు చేరితే నిన్నటి మాట కూడా చేరినట్టే. ఆ లెక్క నేనొక్కదాన్నే వేసుకున్నాను.

ఆ తర్వాత నానమ్మ నూట ఇరవై ఆరు రోజులు బతికింది. రోజూ పక్కన కూర్చుని కిటికీలోంచి కనబడేవన్నీ చెప్పేదాన్ని. తప్పయిందని మాత్రం చెప్పలేదు. రేపు చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఆమె పోయాక కిటికీ నాదైంది.

ఇది జరిగి అరవై రెండేళ్లు. పోయిన ఏడాది మాదన్నపేటలో ఉండే మా చెల్లెలికి ఫిట్స్ వచ్చాయి. ఒకటి తగ్గకముందే ఇంకొకటి. ఆసుపత్రిలో ఊపిరికి గొట్టం వేసి, మత్తుమందు ఇచ్చి ఐసీయూలో ఉంచారు. వణుకు ఆ సాయంత్రమే ఆగింది. మూడో రోజు మత్తు తగ్గించినా ఆమె లేవలేదు. మమ్మల్ని రోజుకు రెండుసార్లు లోపలికి పంపేవారు. వెళ్లిన ప్రతిసారీ నోటుబుక్కులో తేదీ, సమయం, జ్వరం, బీపీ, కదలిక అని గళ్లు గీసి రాసేదాన్ని. కదలిక గడిలో ఆరుసార్లూ ‘లేదు’ అనే రాశాను.

ఆరోసారి, చెల్లెలి కాళ్లు ఒత్తుతున్న ఆమె కూతురికి నోటుబుక్కు చూపించాను. “మూడు దినాలాయె బిడ్డా. ఒక్క వేలు గూడ కదలలె. ఇగ అయిపోయినట్టే. చుట్టాలకు చెప్పు.”

“గట్లనకు పెద్దమ్మా. అమ్మ ఇంటది.”

“ఏమింటది? గిదంతా చూసి రాసిందే,” అన్నాను. తలగడకు మూరెడు దూరంలో నిలబడి అన్నాను.

మర్నాడు చెల్లెలి తలకు జిగురు పూసి వైర్లు అతికించారు. నేను లెక్కపెట్టాను, ఇరవై ఒకటి. పక్కన తెర మీద గీతలు ఆగకుండా ఎగిసిపడుతున్నాయి. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది.

“అమ్మా, ఫిట్స్ ఆగినయని మనకు పైకి కనిపిస్తున్నది. మెదడులో ఇంకా నడుస్తనే ఉన్నయి. అందుకే లేస్తలేదు. మనిషిని ఎంత చూసినా గిది తెల్వదు, ఈ గీతలల్లనే తెలుస్తది.”

ఆ గీతలను చూసుకుంటూనే మందు పెంచారు. ఒక రోజంతా అవి దాదాపు చదునుగా పడుకున్నాయి, ఎప్పుడో ఒకసారి లేచి మళ్లీ పడుకునేవి. అలా పడుకోబెట్టడమే వైద్యమట. తర్వాత కొద్దికొద్దిగా మందు తగ్గించారు. ఆరో రోజు డాక్టరమ్మ పేరు పెట్టి పిలవమంది. కూతురు పిలిచింది. గీతల తీరు మారింది.

“అర్థమైతున్నదని నేను చెప్పలేను,” అంది డాక్టరమ్మ. “చప్పుడైతే అందుతున్నది.”

“నువ్వు గూడ పిలువు పెద్దమ్మా.”

తెర వైపు చూడలేక బయటికి వచ్చేశాను.

తొమ్మిదో రోజు చెల్లెలు కళ్లు తెరిచింది. పంతొమ్మిదో రోజు ఇంటికి వచ్చింది. ఈసారి రేపటికి వాయిదా వేయలేదు. ఆమె పక్కన కూర్చుని, ఆ సాయంత్రం అన్న మాట ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

“నాకేం యాది లేదక్కా,” అంది. ఉన్న ఓపికతోనే నవ్వింది. “ఇన్నేండ్లల్ల నీ లెక్క తప్పంగ సూడలె. తప్పక తప్పక నా కాడనే తప్పిందా?”

నాకు నవ్వు రాలేదు. విన్నదో లేదో ఆమెకే తెలియదు, నాకు ఎన్నటికీ తెలియదు. ఇంటికి వచ్చి నోటుబుక్కు తీసి, ఆరు చోట్ల ‘లేదు’ కొట్టేసి, ‘నాకు కనబడలేదు’ అని రాశాను.

ఇప్పుడు ఎవరి మంచం దగ్గరికి వెళ్లినా ముందు వాళ్లను పిలుస్తాను, ఆ తర్వాతే పక్కవాళ్లతో మాట్లాడతాను. ఒక్కసారి పిలిచి ఊరుకోను. మా నానమ్మ పళ్లెంలో నీళ్లు కదిలింది రెండో పిలుపుకు.