చెక్క ఎండిందని చెప్పిన తమ్ముడు

అశోక్‌నగర్‌లో మా డాబా మీద చెక్క అరుగు వేయించుకున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంటికీ, తమ్ముడి చదువుకూ, వాడి పెళ్లికీ చేశాను. నాకోసమని చేయించుకున్నది ఇదొక్కటే. అది పూర్తయిన కొద్దిరోజులకే మోకాలి ఆపరేషనై కింద మంచానికి అతుక్కుపోయాను.

చెదలు పట్టకుండా మందునీళ్లు ఒత్తిడితో లోపలికంటా ఎక్కించిన చెక్క అది. కొత్తలో తడితడిగా ఉంటుంది. ఆ తడి ఆరాకే పైన వాననీళ్లు దిగకుండా కాపాడే సీలర్ పూయాలి, లేకపోతే పూత నిలవదు. ఎండిందో లేదో చూడడం తేలికే. నాలుగు నీటి చుక్కలు వేస్తే చెక్క పీల్చుకోవాలి. చుక్కలు పూసల్లా పైనే నిలిస్తే ఇంకా ఆగాలి. నేను మెట్లెక్కలేను కాబట్టి ఆ పని నారాయణగూడలో ఉండే తమ్ముడికి అప్పజెప్పాను.

"వానలు పోయినంక చూద్దాం, తొందర లేదురా" అన్నాను.

శ్రావణంలో ఒకరోజు వాడు చిక్కడపల్లి నుంచి మిర్చి బజ్జీలు పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"అక్కా, చెక్క మంచిగ ఎండింది. నీళ్లు పోస్తే గటగట తాగింది. సీలర్ కొట్టిచ్చిన."

ఇంత వానల్లో ఎట్లా ఎండిందని కూడా అడగలేదు. తమ్ముడు చెప్పాడు కదా! ఆ వారంలోనే వాడి కూతురి నిశ్చితార్థం ఆ అరుగు మీద జరిగింది. నేను కింద పడుకుని పాటలు విన్నాను.

దసరాకు కర్ర పట్టుకుని పైకెక్కాను. పూత పొలుసులు పొలుసులుగా లేచింది. కింద చెక్క నల్లగా మచ్చలు పడింది. వెనకే వచ్చిన మరదలు నా మొహం చూసి ఆగలేకపోయింది.

"నేను అప్పుడే చెప్పిన వదినా. చుక్కలు గట్లనే నిలవడ్డయి. ఆయననేమో మూఢం వస్తున్నది, ఫంక్షన్ ఫొటోలల్ల మెరవాలె, అక్క ఎట్లాగు పైకి రాదు గదా అన్నడు."

అక్క ఎట్లాగూ పైకి రాదు! చెక్క పాడైందని కాదు నా బాధ. పిల్ల ముచ్చట కోసమని చెప్పి ఉంటే నేనే పూయించమనేదాన్ని. ఆ పిల్లను ఎత్తుకుని పెంచినదాన్ని. బజ్జీ చేతికిస్తూ, కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పాడు. ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఎదురు హాస్టల్ డాబా మీద పిల్లలు పరీక్షలకు గట్టిగా చదువుకుంటున్నారు. వాళ్లకు కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకున్నాను.

పూతంతా గీకించి, చెక్కను ఎండకు వదిలేశాను. చలికాలం ఎండల్లో ఒక పొద్దున చుక్కలు వేసి చూస్తే, చూస్తుండగానే ఇంకిపోయాయి. తమ్ముడికి ఫోన్ చేశాను. మరదలు చెప్పే ఉంటుంది, తలొంచుకుని బ్రష్షుతో వచ్చాడు.

"ఎండిందా అక్కా?"

"ఎండింది."

ఒక్క చుక్క కూడా వేసి చూడకుండా డబ్బా మూత తీశాడు. నా మాట మీద వాడికి అంత నమ్మకం. వాడి మాట మీద నాకూ అంతే ఉండేది.