యొకాస్తా పక్కన ఖాళీ కుర్చీ

శాన్ పెద్రోలో సముద్రపు గాలికి ఉప్పూ, చక్కెర మిల్లు పొగా కలిసిన వాసన ఉంటుంది. బేస్‌బాల్ ఆటలో బంతి విసురుతూ రాదమేస్ తిరిగిన ఊళ్లలో ఎక్కడా ఆ వాసన లేదు. వేసవంతా ఉత్తరాన ఎవరెవరి జట్లకో ఆడేవాడు. చలికాలం ఇంటికొచ్చి సొంత ఊరి జట్టుకు ఆడేవాడు. కూతురు యొకాస్తా పుట్టిన వేళ అతను పరాయి దేశపు బస్సులో నిద్రపోతున్నాడు. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతిసారీ గుమ్మంలో ఒక కొత్త పిల్ల నిలబడి ఉండేది. ఆ పిల్లతో మళ్లీ మొదట్నుంచీ స్నేహం చేసుకునేవాడు.

చివరికి భుజం మొరాయించింది. ఇంటికొచ్చేశాడు. ఇప్పుడతని రోజులు వరండాలో ఊగుడు కుర్చీలో, వానకు ముందు మబ్బుల్లా మెల్లగా కదులుతున్నాయి.

యొకాస్తా పురిటికి వచ్చింది. ఇంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. ఈసారి నెలలు నిండాయి. తండ్రి మాత్రం ఇన్ని నెలల్లో బిడ్డ ఊసే ఎత్తలేదు. ఆమె వరండాలోకి వస్తే తన కుర్చీ లాక్కుని ఆ చివరికి పోతాడు.

"ఏమయ్యా, పిల్ల పక్కన కూర్చుంటే నీకూ అంటుకుంటుందా?" అంది భార్య మినెర్వా. "ఆ బొజ్జ చూస్తే ఎవరికి నెలలు నిండాయో తెలీకుండా ఉంది!"

"ఊరుకోవే. ఆట నడుస్తోంది."

"ఇంకా ఏం ఆట? ఎప్పుడో రిటైరయ్యావుగా!"

ఆటగాళ్లకొక పట్టింపు ఉంది. ఎదుటి జట్టు ఒక్క బంతినీ సరిగ్గా కొట్టలేకుండా ఒకడు విసురుతూ పోతుంటే, సొంతవాళ్లెవరూ ఆ మాట ఎత్తరు. విరామంలో వచ్చి కూర్చున్నా అతని పక్కకు చేరరు. ఎత్తితే ఆ అదృష్టం చెడిపోతుంది. రాదమేస్ దేన్నీ చెడగొట్టదలచుకోలేదు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. వీధి నీలంగా మెత్తబడింది. యొకాస్తా ఒడిలో గిన్నె పెట్టుకుని కందికాయలు ఒలుస్తోంది.

"నాన్నా, ఈ బిడ్డంటే నీకిష్టం లేదా?"

అతను ఊగడం ఆపేశాడు.

"నేను పుట్టినప్పుడు దూరంగా ఉన్నావంటే ఉద్యోగం అనుకున్నా. ఇప్పుడేం ఉద్యోగం?"

రాదమేస్ కళ్ల ముందు ఒక పాత మధ్యాహ్నం తేలింది. ఆ రోజు అతని బంతి ఎవరికీ అందలేదు. అతను వచ్చి కూర్చోగానే ఆటగాళ్లు కూర్చునే పొడవాటి బల్ల ఖాళీ అయిపోయింది. రోజూ తనతో మామిడిపండు పంచుకునే నేస్తం కూడా అవతలికి జరిగి కూర్చున్నాడు. అదంతా ప్రేమే, అతనికి తెలుసు. గెలిచాక అందరూ మీద పడి ముద్దులు పెట్టుకున్నారు. కానీ అతని నిద్రలోకి వచ్చేది ఆ ముద్దులు కావు, ఆ బల్ల. ఎవరైనా వచ్చి భయంగా ఉందా అని అడిగితే బావుండునని ఆట సాగినంతసేపూ ఎదురుచూశాడు.

రాదమేస్ లేచాడు. బరువైన కుర్చీని కిర్రుమనిపించుకుంటూ ఈ చివరికి లాక్కొచ్చాడు. గిన్నెలోంచి ఒక కాయ తీసుకున్నాడు.

"భయంగా ఉందా తల్లీ?"

ఆమె ఒలవడం ఆపింది. "చచ్చేంత."

"నాకూ. అందుకే పలకలేదు. ఆ మాట అంటే ఎక్కడ చెడుతుందోనని..."

యొకాస్తా తేరిపార చూసింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

"బేస్‌బాల్ పట్టింపా? నా కడుపు మీద! పిచ్చి నాన్నా!"

"పేరేం అనుకుంటున్నావే?" అనేశాడు. అని ఊపిరి బిగబట్టాడు. వీధిలో ఒక మోటారుసైకిలు వెళ్లిపోయింది. గాలి అలాగే వీచింది.

"అబ్బాయైతే అరిస్మెందీ."

"అరిస్మెందీనా? నన్ను రెండుసార్లు మైదానంలోంచి గెంటేసిన అంపైర్ పేరే అది! చస్తే ఒప్పుకోను!"

"మా ఆయన తాతగారి పేరు నాన్నా!"

"ఆ తాత కూడా అలాంటివాడే అయ్యుంటాడు!"

"మొదలెట్టాడమ్మా," అంది వంటింట్లోంచి మినెర్వా. "ఇన్నాళ్లూ మూగవాడు, ఇప్పుడు ఆపేవాళ్లు లేరు!"

చీకటి పడినా దీపాలు రాలేదు. తండ్రీకూతుళ్లు పేరు మీద పోట్లాడుకుంటూనే ఉన్నారు.